తుప్పు లేని మియాటా కావాలి

జనవరి 27

పోయిన అక్టోబరులో స్నేహితుడొకడు న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్కు అనే రేసు ట్రాకులో ఫీజు కట్టి తోలుకోవడానికి తన కారు తీసుకెళ్తుంటే ఊరికే చూద్దామని వెంట వెళ్లాను. అప్పటినుంచి రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో పాత స్పోర్ట్స్ కార్ల ప్రకటనలు చూసే జబ్బు పట్టుకుంది. ఈ పనికి అందరూ చెప్పేది మియాటా, మాజ్దా కంపెనీ రెండు సీట్ల చిన్న కారు. మేముండేది ఎడిసన్‌లో. ట్రాకు ఉన్నది మిల్‌విల్‌లో, రెండు గంటల లోపు దారి. అంత దగ్గరగా ఉండటమే కొంప ముంచింది.

మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. మొత్తం ఖర్చు 8,000 డాలర్లు దాటకూడదు, అందులోనే కారు, హెల్మెట్, టైర్లు, ట్రాక్ మీద మొదటి రోజు ఫీజు, అన్నీ. ఇంట్లో తిరిగే కారును ట్రాక్ గేటు దాటించకూడదు. రెండో షరతు ఆవిడ పెట్టకపోయినా నేనే పెట్టుకునేవాణ్ణి. మామూలు కారు పాలసీలు సాధారణంగా ట్రాక్ మీద తగిలిన దెబ్బకు పైసా ఇవ్వవు. ఒక్క రోజుకు విడిగా ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లున్నారు గానీ అయిదు వేల కారుకు అది దండగ. అందుకని కొనబోయే కారుకు ఒకటే పరీక్ష: అది గోడకు గుద్దుకున్న రాత్రి ఇంటికొచ్చి నేను అన్నం తినగలగాలి.

ఫిబ్రవరి 10

ఆశపడిన కార్లను ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను.

పోర్షే బాక్‌స్టర్, 1997 నుంచి 2004 దాకా వచ్చిన మొదటి తరం. ఇంత చవగ్గా పోర్షే వస్తుందా అని రెండు రాత్రులు నిద్ర లేదు. ఇంజన్ లోపల ఐఎంఎస్ అనే బేరింగు ఒకటి ఉంటుంది, అది పోతే ఇంజన్ మొత్తం పోయినట్టే. అందరికీ పోదంటారు. నిజమే, కానీ పోయినవాడికి నూటికి నూరు శాతం పోతుంది.

బీఎండబ్ల్యూ ఈ36 మీద చాలా మనసుంది. కానీ దాని కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ ఎక్కువ, వయసొచ్చాక పెళుసెక్కి పగులుతుంది. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ట్రెయిలింగ్ ఆర్మ్ బిగించే చోట బాడీ రేకు చిరుగుతుంది కూడా. నా ధరలో దొరికినవన్నీ ఎవరో డ్రిఫ్టింగ్, అంటే కారును కావాలని పక్కకు జారించడం, చేసి చేసి విసుగొచ్చి వదిలేసినవే. హోండా ఎస్2000 ధర చూసి ఆ ట్యాబ్ మూసేశాను. టయోటా ఎంఆర్2 స్పైడర్ పాత మోడళ్లలో ఎగ్జాస్ట్ దగ్గర పొగను శుభ్రం చేసే ప్రీ-క్యాట్ పొడైపోయి ఆ పొడి ఇంజన్‌లోకే వెళ్లిపోయే గొడవ ఉంది. మాజ్దా ఆర్ఎక్స్-8 చవకే, రోటరీ ఇంజన్. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఇంజన్ పని చేసిన మా బాబాయ్‌కి ఫోన్ చేసి దాని సంగతి చెప్పాను.

"పిస్టనే లేదా? అయితే నాకు ఫోన్ చెయ్యకు," అన్నాడు.

ఎక్కువసేపు ఆలోచించింది కార్వెట్ సీ5 గురించి. 5.7 లీటర్ల ఇంజన్, 345 హార్స్‌పవర్. నా బడ్జెట్‌కు పైనే ఉన్నా, అప్పో సొప్పో చేద్దామా అన్న ఆలోచన వచ్చింది. అప్పుడు కాగితం మీద ఒక లెక్క వేశాను. నాతో కలిపి 1,140 కిలోలుండే మియాటాను గంటకు 160 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గిస్తే, వేగం సగమైనా శక్తిలో ముప్పాతిక భాగం పోతుంది. పోయేదంతా బ్రేకుల్లో వేడిగా తేలాల్సిందే. ఆ వేడితో రెండున్నర లీటర్ల చన్నీళ్లు మరిగించవచ్చు, అంటే ఇంటిల్లిపాదికీ, వచ్చిన చుట్టాలకూ టీ. అదీ మూడు నాలుగు సెకన్లలో. అదే పని కార్వెట్ చేస్తే దాదాపు మూడున్నర లీటర్లు. పైగా అది మలుపు దగ్గరికి 160తో రాదు, ఇంకా వేగంగా వస్తుంది. రౌండుకు నాలుగైదు సార్లు, ఇరవై నిమిషాల పాటు ఇదే పని. కారు కొనేది ఒక్కసారే, బ్రేక్ ప్యాడ్లూ టైర్లూ మాత్రం కొంటూనే ఉండాలి.

అలా అందరూ చెప్పిన చోటికే చేరాను: మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదట కనిపించిన కారు. ముందు ఇంజన్, వెనక చక్రాలకు శక్తి, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు చేతులు పట్టుకుంటాయి. అందరూ చెప్పేది కొనడం నాకు నామోషీ. అయినా ఈ విషయంలో మందతో పోవడమే తెలివి. మంది ఎక్కువైతే పాత విడిభాగాలూ ఎక్కువ దొరుకుతాయి.

ఏ సంవత్సరం మోడల్ అన్నది ఇంకో రాత్రి గొడవ. లేచి పడుకునే హెడ్‌లైట్లున్న మొదటి తరం అందం అందమే, కానీ ఇప్పుడు దాన్ని దాచుకునేవాళ్లు ధర పెంచేశారు. నాకు కావలసింది రెండో తరం, 1999 లేదా 2000. అమెరికాలో 1998 మోడలే రాలేదు. ఈ రెండేళ్ల 1.8 లీటర్ల ఇంజన్‌కు 140 హార్స్‌పవర్, వేరియబుల్ వాల్వ్ టైమింగ్ హంగులు లేవు. నడుస్తుండగా వాల్వులను నడిపే టైమింగ్ బెల్టు తెగినా పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకోవు. కారు ఆగుతుంది, అంతే.

ఫిబ్రవరి 24

మొదటి కారు. ఇక్కడికి నలభై నిమిషాల దూరంలో, ఎర్రటి 2000 మోడల్. ఫోటోల్లో పెళ్లికూతురులా ఉంది, ఎదురుగా చూసినా అలాగే ఉంది.

న్యూజెర్సీలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మియాటాకు ఆ ఉప్పు కన్నా ముందు సొంత టాపే శత్రువు. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనకున్న చిన్న కాలువలోకి దిగి, అక్కణ్నుంచి రెండు పక్కలా గొట్టాల ద్వారా కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతే నీళ్లు డోరు కింద గుమ్మం లాంటి డొల్ల భాగంలో, అంటే సిల్‌లో నిలుస్తాయి. తుప్పు లోపలే పుట్టి లోపలే పెరుగుతుంది. బయటికి రంగు బుడగలు కనిపించే సరికి లోపల రేకు ఉండదు.

జేబులో ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పెట్టుకెళ్లాను, తిరుపతి బొమ్మది. ఎడమ పక్క డోరు కింద పట్టుకుంది. వెనక చక్రం వైపు జరుపుకుంటూ వెళ్లాను. చక్రానికి జానెడు ముందు స్వామి టప్పున కింద పడ్డాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ పడ్డాడు. అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. పైన మంచి రంగు వేశారు.

అమ్మేవాడి ముఖం చూడకుండా ముందు వైపు వంగి, ఇంజన్ పక్కన పోయే చాసిస్ పట్టీలను వేలితో నొక్కాను. రెండో తరం మియాటాలో ఆ ముందు పట్టీలను తుప్పు లోపలి నుంచి తింటుంది. వేలికి పెచ్చు ఊడి వచ్చింది. ఇంజన్ మాత్రం బంగారంలా ఉంది. దాన్ని చూసి ఒక్క నిమిషం తడబడ్డాను కూడా. ఇంజన్ పోతే ఇంకోటి తెచ్చి రెండు శనివారాల్లో దించొచ్చు. చాసిస్ పట్టీ పోతే మాత్రం దాని మీద సస్పెన్షన్ నిలబడాలి, సస్పెన్షన్ మీద నా ప్రాణం.

మార్చి 9

1991 మోడల్, తెలుపు. లేచే హెడ్‌లైట్లు చూడగానే ఫిబ్రవరిలో చేసిన శపథం మర్చిపోయి వెళ్లాను. ఇంజన్ ముందు పుల్లీకి నాలుగు గాడులున్నాయి. నాలుగుంటే క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాని ముక్కు పొట్టిది, పుల్లీ బోల్టు వదులై, దాన్ని జారకుండా పట్టే కీ అనే చిన్న ముక్క అరిగిపోయే రకం. 1991లోనే తర్వాత వచ్చినవాటికి ఎనిమిది గాడులుంటాయి. పది నిమిషాల్లో బయటికొచ్చాను. తిరిగొస్తూ ఓక్ ట్రీ రోడ్డులో దోసె తిన్నాను. ఆ రోజు జరిగిన మంచి పని అదొక్కటే.

మార్చి 23

ఉప్పు తగలని కారు కావాలంటే దక్షిణానికి పోవాలి. నార్త్ కరోలినాలో, రాలీకి దగ్గర్లో, 1999 మోడల్, ఆకుపచ్చ, 1,31,000 మైళ్లు, అడిగింది 5,700. శుక్రవారం రాత్రి బస్సెక్కాను.

అమ్మేది రిటైరైన పెద్దాయన. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఉంచాడు, ఆఖరికి వైపర్ బ్లేడ్ల బిల్లు కూడా. టాపులో చిరుగుంది, సీటు చినిగింది, బానెట్ మీద రంగు పాలిపోయింది. తిరుపతి స్వామి రెండు సిల్‌ల మీదా చివరికంటా అతుక్కునే ఉన్నాడు.

అక్కడ ఉదయం పదకొండున్నరకు విజయవాడలో రాత్రి తొమ్మిది. బాబాయ్‌ను వీడియోలో పట్టుకున్నాను.

"ఆయిల్ మూత తియ్యి. లోపల మజ్జిగ చిలికినట్టుందా?"

"లేదు బాబాయ్, నల్లగానే ఉంది."

"ఓసారి రేజ్ చేసి వదలమను. వెనక పొగ చూపించు... ఇంకా దగ్గరగా పెట్టరా, నాకు నీ బూటే కనపడుతోంది."

నీలం పొగ లేదు. తర్వాత ఆయన చెప్పిందొకటి నేనెక్కడా చదవలేదు, తీరా వెతికితే ఈ ఇంజన్‌కు అది సరిగ్గా చూడాల్సిన పరీక్షే. ఇంజన్ ఆపి, పెద్దాయనను క్లచ్ తొక్కి వదలమన్నాను. నేను ముందు నుంచి క్రాంక్ పుల్లీ మీద టార్చి కొట్టి చూస్తున్నాను. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ ముందుకూ వెనక్కూ కదిలితే, క్రాంక్‌ను అలా జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగ్ అరిగినట్టు, 1999-2000 ఇంజన్లలో కొన్నిటికి ఆ జబ్బుంది. కంటికి కనపడేంత కదలిక లేదు.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజు నేనే తీసుకెళ్లాను. నాలుగు సిలిండర్లూ 178, 175, 180, 176 పీఎస్‌ఐ. అంకె ఎంతన్నది ఒక ఎత్తు, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ఇంకో ఎత్తు. చివరికి వెనక భాగం జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఒక చక్రం తిప్పాను. రెండోది అదే వైపు తిరిగింది. టోర్సెన్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి పంపేది. ప్రకటనలో ఆ సంగతే రాయలేదు, పెద్దాయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. కొంచెం సిగ్గుగానే ఉంది.

5,200కు బేరం కుదిరింది. ఐ-95 మీద 450 మైళ్ల పైచిలుకు, టాపు చిరుగులోంచి ఈల వేసుకుంటూ వచ్చింది. వర్జీనియాలో వాన. ఎడమ భుజం తడిసింది.

ఏప్రిల్ 13

ఉగాది హడావుడి అయ్యాక గరాజ్‌లోకి దిగాను. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఫైల్లో ఉంది, 60,000 మైళ్లు దాటిపోయింది. ఎలాగూ ముందు భాగమంతా విప్పుతాం కాబట్టి వాటర్ పంపు, సీళ్లు కూడా. కింద ఉన్న ప్లాస్టిక్ పలక ఊడదీసి గోడకు ఆనించాను, కూలెంట్ వంపాను, రేడియేటర్ గొట్టాలు విప్పాను.

ఈ పని భయం పుట్టించేది ఒక్కచోటే. వాల్వులను తెరిచే రెండు క్యామ్‌ల పుల్లీల మీద ఐ అనీ ఈ అనీ గుర్తులుంటాయి, ఇన్‌టేకూ ఎగ్జాస్టూ. రెండు గుర్తుల మధ్య బెల్టు పళ్లు సరిగ్గా 19 ఉండాలి. మొదటిసారి లెక్కపెడితే 19. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించి, పానాతో క్రాంక్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పి మళ్లీ లెక్కపెడితే 18. గుండె జారింది. పాత బెల్టు పక్కన పరిచి, సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుని లెక్కపెడితే మొదటి పన్నును నేనే వదిలేస్తున్నాను. 19 ఉన్నాయి. అయినా అమ్మాయిని పిలిచి దానితోనూ లెక్కపెట్టించాను. రెండో తరగతి. "నైంటీన్ నాన్నా, వెళ్లనా?" అంది.

సాయంత్రం బ్రేక్ ఆయిల్. డాట్ 3 అనే మామూలు రకం కనీస ప్రమాణం ప్రకారం కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పట్టిన పాతది 140కే. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి నలుగుతుంది గానీ ప్యాడ్‌ను నొక్కదు, పెడల్ నేలకు పోతుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 తెచ్చాను, కొత్తది 312 దాకా ఆగుతుంది. పాతది తీసి కొత్తది నింపడం పెడల్‌కు దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టాలి. పెడల్ దగ్గర మా ఆవిడ, చక్రం దగ్గర నేను. "తొక్కు... పట్టుకో... వదులు." నాలుగో చక్రానికి వచ్చేసరికి ఆవిడే నాకు చెబుతోంది ఎప్పుడు బిగించాలో. తీసిన పాత ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది.

మే 4

రోల్ బార్, అంటే కారు బోర్లా పడితే తల నలగకుండా సీట్ల వెనక బిగించే ఉక్కు కమాను. టాపు లేని కారుకు ఇది లేకపోతే ట్రాక్ మీదికి రానివ్వరు. ఉత్తినే కొనేస్తే సరిపోదు, చీపురు కర్ర పరీక్ష పాసవ్వాలి. రోల్ బార్ పైకొన నుంచి ముందు అద్దం పైఅంచుకు కర్ర పెడితే, హెల్మెట్ పెట్టుకున్న తల దానికి రెండంగుళాల కిందుండాలి. మన ఇంటి చీపురుకు కర్ర ఎక్కడిది? మాప్ కర్ర పెట్టాను.

తగిలింది. నాది అయిదడుగుల పదకొండు.

దీనికి మియాటావాళ్ల మందు ఒకటుంది, సీటు విప్పి అడుగున స్పాంజి కోసెయ్యడం. కూరగాయల కత్తితో మొదలుపెట్టాను. స్పాంజి కొయ్యడం అంటే బన్ను కొయ్యడం లాంటిది కాదు, నొక్కితే కుంగుతుంది గానీ తెగదు. రంపంలా ఆడిస్తే వచ్చింది. మందపాటి పలక తీశాను, తొడుగు మళ్లీ ఎక్కించాను, కూర్చున్నాను. ఇప్పుడు రెండంగుళాల పైనే సందుంది. ఇంట్లో ఆ కత్తి మాత్రం కనపడకుండా పెట్టాను.

హెల్మెట్ కూడా కొనాల్సి వచ్చింది. నా బైక్ హెల్మెట్ పనికిరాదన్నారు. కార్లకు ఎస్ఏ గుర్తున్నది ఉండాలి, ఎస్ఏ2020 తీసుకున్నాను. దానిలోపలి గుడ్డ మంటకు తట్టుకుంటుంది.

జూన్ 8

ట్రాక్ రోజు. ఈ పార్కులో రెండు ట్రాకులు: 2.25 మైళ్ల థండర్‌బోల్ట్, 1.9 మైళ్ల లైట్నింగ్. మాకు లైట్నింగ్. కొత్తవాళ్ల గుంపులో పడ్డాను, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్. మనం చెయ్యి బయటపెట్టి దారి చూపిస్తేనే వెనకవాడు దాటాలి. మొదటి ఇరవై నిమిషాల్లో నా చెయ్యి లోపలున్న సమయం తక్కువ.

చివరి మలుపును లైట్‌బల్బ్ అంటారు, ఆకారమే అది. ఎంతసేపు తిప్పినా అయిపోదు. దాని తర్వాత పొడుగాటి స్ట్రెయిట్, అందుకని అందులో తొందరపడి ఆక్సిలరేటర్ తొక్కితే కారు బయటికి జారి, మళ్లీ కాలు తియ్యాల్సి వచ్చి, స్ట్రెయిట్ మొత్తం నష్టం. ఇన్‌స్ట్రక్టర్ రౌండు రౌండుకూ "ఆగు, ఆగు, ఇంకా ఆగు" అంటూనే ఉన్నాడు. మూడో సెషన్‌లో ఒకసారి నిజంగా ఆగాను. వెనక చక్రాలు రెండూ కలిసి నెట్టినట్టు తెలిసింది, స్ట్రెయిట్ చివర 95 మైళ్లు చూపించింది. అంతకు ముందు 90 దాటలేదు. 140 హార్స్‌పవర్‌తో మలుపులో చేసిన తప్పు దాచుకోవడానికి చోటుండదు. ఇది తిట్టు కాదు.

బ్రేకులు రోజంతా గట్టిగా ఉన్నాయి. టైర్లు చల్లగా 28 పీఎస్‌ఐతో మొదలై 37కు చేరాయి, 34కు దించాను.

అసలు గొడవ వేడిది. ఈ కారులో టెంపరేచర్ ముల్లు ఇంజన్ కాస్త వేడెక్కాక మధ్యలోకొచ్చి కూర్చుంటుంది, ఆ తర్వాత చాలా దూరం కదలదు. అందుకని కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ ముక్క తగిలించి ఫోన్‌లో కూలెంట్ వేడి అసలు అంకె చూస్తున్నాను. రెండో సెషన్‌లో 99, 103, 106 డిగ్రీలు. ముల్లు మాత్రం మధ్యలోనే, ఏమీ ఎరగనట్టు. 108 దగ్గర ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పి హీటర్ ఫుల్లుగా పెట్టాను. హీటర్ కూడా ఓ చిన్న రేడియేటరే. జూన్ ఎండలో, హెల్మెట్‌లో, కాళ్ల మీద వేడిగాలి. ఇద్దరం ఉడికిపోయాం. 102కు దిగింది. తర్వాతి సెషన్లు పది నిమిషాలకే లోపలికి వచ్చేశాను.

జూన్ 9

పొద్దున్నే గరాజ్‌లో స్టూలు వేసుకుని కూర్చుని ఫోన్‌లో కూలెంట్ రీరూట్ కిట్టు చూస్తున్నాను. ఈ ఇంజన్ నిజానికి మాజ్దావాళ్ల, ముందు చక్రాలకు శక్తి వెళ్లే కార్లలో అడ్డంగా కూర్చునే వంశానిది. దాన్ని నిలువుగా తిప్పి పెట్టినప్పుడు వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను ముందువైపుకు తెచ్చారు, దాంతో వెనకున్న నాలుగో సిలిండర్‌కు నీళ్ల ప్రవాహం తక్కువ. ఆ కిట్టు నీళ్లను వెనక నుంచి బయటికి తెస్తుంది. మంచి వస్తువే. 250 డాలర్లు. కార్ట్‌లో పెట్టాను. కార్డు నంబరు కోసం పర్సు తియ్యబోతూ తలెత్తితే ఎదురుగా గోడకు ఆనించిన నల్ల ప్లాస్టిక్ పలక కనిపించింది.

ఏప్రిల్ 13 నుంచి అక్కడే ఉంది. మధ్యలో దాని మీద అమ్మాయి సైకిల్ హెల్మెట్ కూడా తగిలించాను.

అది మట్టి పడకుండా పెట్టిన అడ్డు అనుకునేవాణ్ణి. ముందు నోట్లోంచి వచ్చే గాలి కిందికి జారిపోకుండా ఆపి, రేడియేటర్ లోంచే పంపేది అదే. పైగా అది లేకపోతే కారు కింది గాలి ఇంజన్ గదిలోకి ఎగదన్ని, రేడియేటర్ వెనక నుంచి వేడి బయటికి పోకుండా అడ్డం పడుతుంది. బాబాయ్‌కి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. "విప్పిన సామాను బిగించాక నేల మీద ఏమైనా మిగిలిందా అని చూసుకోవాలని మా షెడ్డులో టీ తెచ్చే పిల్లాడికి కూడా తెలుసురా," అన్నాడు.

లెక్క: కారు 5,200, రోల్ బార్ 690, 205/50 టైర్లు నాలుగు 580, ప్యాడ్లు 190, బ్రేక్ ఆయిల్ 45, బెల్టూ పంపూ సీళ్లూ 210, హెల్మెట్ 320, ఫీజు 375. మొత్తం 7,610. బస్సు టికెట్టూ పెట్రోలూ ఇందులో వెయ్యలేదు, ఆవిడ అడగలేదు కూడా.

జులై 13

మళ్లీ లైట్నింగ్. జూన్ కన్నా ఎండ ఎక్కువ. పలక బిగించి ఉంది. ఇరవై నిమిషాలూ పూర్తిగా తిరిగాను, అన్నిటికన్నా ఎక్కువ అంకె 98. హీటర్ జోలికి పోలేదు. కిట్టు ఇంకా కార్ట్‌లోనే ఉంది. ముందు ప్యాడ్లు సగం పైన మిగిలాయి, ముందు ఎడమ టైరు బయటి అంచు మాత్రం మిగతావాటి కన్నా ముందే అరుగుతోంది, అలైన్‌మెంట్‌లో క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలే కోణం, పెంచాలి. పలకకు అసలు క్లిప్పులు రెండు ఎక్కడో పారేశాను, అక్కడ జిప్ టైలు వేశాను.